హిస్సోపు, సోపు ఒకటేనా?

సందేహం: బైబిల్ 51వ కీర్తనలో "హిస్సోపుతో నా పాపము పరిహరింపుము" అని ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్లు అది సోపు మొక్కే అంటారు. వెంటనే "కడుగుము" అని కూడా ఉంది కాబట్టి పిల్లలు సబ్బు అనుకుంటున్నారు. నేను కుండీలో సోపు గింజలు చల్లాను, మొలకలొచ్చాయి. ఇది హిస్సోపేనా? దానికి తెలుగు పేరు లేదా?

సమాధానం: కాదమ్మా, మీ కుండీలో మొలిచింది సోపే. రెండు మాటలూ చెవికి ఒకలా వినిపిస్తాయి, అంతే. మనం కొట్లో అడిగే సోపు సంస్కృతంలో శతపుష్ప, అది ప్రాకృతం మీదుగా హిందీలో సౌంఫ్ అయి మన దగ్గర సోపు, సోంపు అయింది. హిస్సోపు దారి వేరు. హీబ్రూలో ఏజోవ్, గ్రీకులో హుస్సోపోస్, తెలుగులోకి వచ్చేసరికి మన అలవాటు కొద్దీ చివర ఉకారం చేరి హిస్సోపు. ఒంటికి రుద్దుకునే సోపు ఇంగ్లీషు నుంచి వచ్చిన మూడో మాట. ఇంపుసొంపుల్లోని సొంపు అచ్చతెలుగు, అందం అని అర్థం, అక్కడ "సొ" హ్రస్వం. ఈ మధ్య గింజల్ని కూడా సొంపు అని రాసేస్తున్నారు, దయచేసి దీర్ఘం వదలకండి.

బైబిల్లోనే ఇంకో ఆధారం ఉంది. మత్తయి 23వ అధ్యాయంలో పుదీనా, సోపు, జీలకర్ర వస్తాయి, లూకా 11లో పుదీన, సదాప వస్తాయి. అంటే మనకు పేరున్న మొక్కలకు అనువాదకులు మన పేర్లే పెట్టారు. హిస్సోపు కూడా సోపే అయితే అక్కడా సోపు అనే రాసి ఉండేవారు కదా.

మరి ఆ మొక్క ఏది? పండితుల్లో ఎక్కువమంది చెప్పేది ఒరిగానం సిరియాకం, ఇది మొక్క శాస్త్రీయ నామం. పాలస్తీనా, సిరియా, లెబనాన్ కొండల్లో రాళ్ల సందుల్లో పెరుగుతుంది. అక్కడివాళ్లు జాతర్ అంటారు, ఆకు ఎండబెట్టి నువ్వులు కలిపి, నూనెలో అద్దిన రొట్టెతో తింటారు. సొలొమోను గోడలో మొలిచే హిస్సోపు గురించి కూడా మాట్లాడాడని రాజుల గ్రంథం చెప్పేది దీనికి బాగా సరిపోతుంది. మనం మల్లెదండలో కలిపి కట్టే మరువం కూడా ఒరిగానం కుదురుదే, అంటే దావీదు పాడిన ఆ కీర్తనలోని మొక్క మన మరువానికి దగ్గరి చుట్టం. నాకు ఇది తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

దాంతో రుద్ది కడిగేవారు కాదు, కట్టగా కట్టి నీళ్లలోనో రక్తంలోనో ముంచి చల్లేవారు, మన ఇళ్లల్లో మామిడాకుతో నీళ్లు చల్లినట్టు. బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, "ప్రోక్షించెను" అన్న మాట వచ్చేది అందుకే. కాబట్టి కీర్తనలో మరువం అని మార్చమని నేననను, మరువం అనగానే మనకు పూలదండే తోస్తుంది. అక్కడ హిస్సోపు అనే ఉండాలి. తోటలో మాట్లాడుకునేటప్పుడు మాత్రం "హిస్సోపు మరువం" అనుకోండి, పిల్లలకు మొక్క కళ్ల ముందు కనిపిస్తుంది.

పెంచాలంటే విత్తనం కొనేటప్పుడు ఒరిగానం సిరియాకం అనే పేరు చూసుకోండి. ఉత్త హిసోప్ అని అమ్మేది సాధారణంగా నీలం పూల యూరప్ మొక్క, వేరే జాతి. ఎండ బాగా పడే చోట, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో పెట్టండి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. వానాకాలం కుండీని చూరు కిందికి జరపండి, నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. ఆకు నలిపితే వామాకు వాసన వస్తుంది, రెండింట్లోనూ కార్వక్రాల్ అనే నూనె పదార్థం ఉండటమే కారణం. పూత రాకముందు కొమ్మలు కోసి నీడన ఆరబెట్టుకుంటే పెరుగులోకి, రొట్టెలోకి బాగుంటుంది.

సోపు మొలకల్ని మాత్రం పీకేయకండి. వాటి వేరు లోతుగా దిగుతుంది, ఇప్పుడే లోతైన కుండీలోకి మార్చేయండి, ముదిరాక కదిపితే బతకడం కష్టం.