సంపులో నీళ్లు లేజర్ సెన్సర్‌కి ఎందుకు కనిపించవు?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఇంటి సంపులో నీళ్లెన్ని ఉన్నాయో ఫోన్‌లో చూసుకుందామని ఎస్పీ రోడ్డులో వీఎల్53ఎల్0ఎక్స్ లేజర్ సెన్సర్ కొన్నాను. టేబుల్ మీద పెట్టి గోడకి గురిపెడితే దూరం చక్కగా చెబుతోంది. సంపు మూతకి బిగిస్తే ఒకసారి 640 మిల్లీమీటర్లు, ఇంకోసారి 1100, మధ్యమధ్యలో 8190 అంటోంది. పాడైందా?

జవాబు: పాడవలేదండీ. నీళ్లని చూడమని అడగడమే దానికి కష్టం. ఈ చిప్ కంటికి కనిపించని 940 నానోమీటర్ల వెలుగును వదిలి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది. మీటరు దూరం వెళ్లి రావడానికి వెలుగుకి 7 నానోసెకన్లు కూడా పట్టదు. గోడ మీద పడిన వెలుగు నలుదిక్కులా చెదిరి కొంత వెనక్కి వస్తుంది. నిలకడగా ఉన్న నీరు అలా చెదరగొట్టదు. కొద్దిగా అద్దంలా తిప్పికొడుతుంది, చాలామటుకు లోపలికి పోనిస్తుంది. అందుకే నీటికి బదులు ఓసారి పక్క గోడ, ఓసారి ఇంకేదో కొలతల్లోకి వచ్చేస్తాయి. 8190 మాత్రం దూరం కాదు, ‘నాకేమీ దొరకలేదు’ అని అర్థం. అదే 65535 వస్తే వైర్లు చూసుకోండి. చాలామంది వాడే పొలోలు కంపెనీ లైబ్రరీలో (సెన్సర్‌ని నడిపే రెడీమేడ్ కోడ్) అది టైమ్‌అవుట్ గుర్తు, అంటే గడువులోగా సెన్సర్ నుంచి జవాబు రాలేదని.

లేజర్ అనగానే మనకి మీటింగుల్లో స్క్రీన్ మీద పెట్టే ఎర్రచుక్క గుర్తొస్తుంది. ఇది అలా కాదు, చూపు సుమారు 25 డిగ్రీల మేర టార్చిలైటులా విచ్చుకుంటుంది. మీటరు దూరంలో 44 సెంటీమీటర్ల వెడల్పు! సంపు గోడ, ఇనప మెట్లు, మోటారు పైపు అన్నీ అందులో పడతాయి. నేనూ మొదట్లో తెలివిగా 4 అంగుళాల పీవీసీ పైపు దింపి దాని పైన సెన్సర్ పెట్టాను. పైపు గోడల్నే కొలిచి పెట్టింది.

కొన్నది వాడాల్సిందే అంటే, అడుగు వెడల్పున్న తెల్లటి థర్మోకోల్ పలకని నీళ్ల మీద తేలనివ్వండి. అటూ ఇటూ పోకుండా రెండు నైలాన్ తాళ్ల మధ్య పైకీ కిందకీ కదిలేలా చూడండి. సెన్సర్ దానికి నేరుగా పైన, గోడకి దూరంగా ఉండాలి. సంపులో చీకటి కాబట్టి ఎండ బాధ లేదు. ఎండలో అయితే దీని 2 మీటర్ల పరిధి బాగా తగ్గిపోతుంది. ఆవిరి మాత్రం సెన్సర్ కంటి మీద చేరి కొలతని తప్పిస్తుంది.

నన్నడిగితే ఈ పనికి శబ్దంతో దూరం కొలిచే వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ కొనండి. శబ్దానికి నీరు గోడలాంటిదే. అయితే ఆ రకం జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ దాదాపు 20-25 సెంటీమీటర్ల లోపు చూడలేదు. ట్యాంకర్ వచ్చి సంపు మెడదాకా నిండినప్పుడు తప్పు చూపకుండా ఎత్తులో బిగించాలి. లేజర్‌ని కారు పార్కింగ్‌కి దాచుకోండి, గోడకెంత దూరమో బాగా చెబుతుంది.

ప్రశ్న: బొమ్మనహళ్లిలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. రోబోకి ఇవే లేజర్ సెన్సర్లు రెండు పెడితే ఒక్కటీ సరిగ్గా పలకడం లేదు.

జవాబు: రెండింటి ఐ2సీ అడ్రసూ (బోర్డు ఒకే వైర్ల మీద ఒక్కో సెన్సర్‌ని పిలిచే నంబరు) ఒకటే, 0ఎక్స్29. ఒకే పేరున్న ఇద్దరినీ పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. సెన్సర్‌ని ఆపే ఎక్స్‌షట్ పిన్‌ని లో (0 వోల్టులు) చేసి రెండింటినీ నిద్రపుచ్చు. మొదటిదాన్ని లేపి అడ్రస్ మార్చు, తర్వాత రెండోదాన్ని లేపు. కరెంటు పోతే కొత్త అడ్రస్ కూడా పోతుంది, కాబట్టి ఇది ప్రోగ్రాం మొదట్లో నడిచే సెటప్‌లోనే ఉండాలి. ఇంకో మాట, ఆర్డుయినో ఊనోలాంటి 5 వోల్టుల బోర్డు అయితే ఆ ఎక్స్‌షట్ పిన్‌కి నేరుగా హై (5 వోల్టులు) ఇవ్వకు. చాలా మాడ్యూళ్లలో దానికి లెవెల్ షిఫ్టర్ (వోల్టేజీని సరిపడేలా మార్చే భాగం) ఉండదు. లేపాలంటే దానికి కలిపిన బోర్డు పిన్‌ని ఇన్‌పుట్‌గా మార్చి వదిలేస్తే చాలు.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఈ లేజర్ కళ్లకి ప్రమాదమా?

జవాబు: ఇది క్లాస్ 1, అంటే లేజర్ భద్రతా తరగతుల్లో అన్నిటికన్నా సురక్షితమైనది, మామూలు వాడకంలో భయం లేదు. దూరం పెంచుదామని ముందు భూతద్దం లాంటిది మాత్రం బిగించకండి. వెలుగును ఒకచోటికి చేరిస్తే ఆ భరోసా ఉండదు.