మేక మొక్కజొన్న రవ్వ తిని పారుకుంటోంది.. బలానికి ఏం పెట్టాలి?

ప్రశ్న: మా మేకకు రెండేళ్లు, పాలిస్తోంది. బరువు 25 కిలోల దాకా ఉంటుంది. మొన్న రాత్రి తాడు తెంపుకొని గోతంలోని మొక్కజొన్న రవ్వ తినేసింది. ఎంత తిన్నదో తెలియదు. నిన్న మధ్యాహ్నం నుంచి మేత ముట్టలేదు, నెమరు వేయడం లేదు. ఈ ఉదయం నుంచి నీళ్లలా పారుకుంటోంది. చెంచాడు వంట సోడా తాగించాం. ఇంట్లో మిగిలి ఉన్న విరేచనాలు ఆపే మాత్ర ఒకటి నూరి, బెల్లం నీళ్లలో కలిపి సీసాతో పోశాం. పోసినప్పుడు కొంచెం దగ్గింది. ఇప్పుడు నీరసంగా పడుకుని ఉంది. బలం రావడానికి ఏం పెట్టాలి? పాలు పిల్లలకు పట్టొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాల సంగతి. పిల్లలకు పట్టొద్దు, మీరూ తాగొద్దు. పితికి పారబోయండి. మనుషుల మాత్ర మేకకు వేస్తే అది పాలలో ఎన్ని రోజులు కనిపిస్తుందో నమ్మకంగా చెప్పే గడువు ఉండదు. చికిత్స మొదలయ్యాక డాక్టర్ చెప్పిన గడువు దాటితేనే ఆ పాలు వాడుకోవాలి. పొదుగు గట్టిపడకుండా పూటపూటా పితకడం మాత్రం మానొద్దు.

ఇక బలం. మీరు అడిగింది అదే గానీ, నన్ను కంగారు పెట్టింది అది కాదు. ‘ఎంత తిన్నదో తెలియదు’, ‘కొంచెం దగ్గింది’, ‘పడుకుని ఉంది’ అని మూడు ముక్కలు రాశారు. ఈ మూడూ ఒక్క మేకలో కలిస్తే ఇక ఇంటి వైద్యంతో నెట్టుకురావడం కుదరదు. ఇది చదువుతున్న సమయానికి మేక ఇంకా అలాగే ఉంటే, మిగతాది తర్వాత చదవండి, ముందు పశువైద్యుడికి కబురు పెట్టండి.

రవ్వ తిన్నాక లోపల జరిగేది ఇది. మేక పెద్ద పొట్టలో గడ్డిని పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి బతకాలంటే అక్కడి పిహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 6 నుంచి 7 మధ్య ఉండాలి. అలవాటు లేని మేకకు ఒక్కసారిగా గింజలు పడితే 2 నుంచి 6 గంటల్లోనే ఆ సూక్ష్మజీవుల పొందిక మారిపోతుంది. పిండిపదార్థం మీద బతికేవి విజృంభించి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పిహెచ్ 5 దరిదాపులకు దిగేసరికి గడ్డిని అరిగించేవి చచ్చిపోతాయి, పొట్ట కదలిక ఆగిపోతుంది. పేరుకున్న ఆ ఆమ్లం రక్తంలోని నీటిని పొట్టలోకి లాగేసుకుంటుంది. అందుకే పొట్ట నిండుగా కనిపిస్తున్నా ఒళ్లు ఎండిపోతుంది. మీరు చూస్తున్న పారుడు ఆ నీరే. గింజల కంటే రవ్వ, పిండి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అవి త్వరగా పులుస్తాయి. పేడ బూడిదరంగులో, పుల్లటి వాసనతో, అరగని నూకలు తేలుతూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

ఇప్పుడు మీరు పోసిన బెల్లం నీళ్ల సంగతి ఆలోచించండి. చక్కెరే కదా, పులిసిపోతున్న పొట్టకు అది అగ్నికి ఆజ్యం. గ్లూకోజ్ పొడి, గంజి కూడా అంతే. మరోరకం పారుడులో ఇవి పనికొస్తాయేమో గానీ గింజలు తిన్న మేకకు వద్దు.

మాత్ర విషయంలో కాస్త కోప్పడక తప్పదు. విరేచనాలు ఆపే మాత్రలు పేగుల కదలికను తగ్గిస్తాయి. ఇక్కడ పెద్ద పొట్ట ఇప్పటికే కదలడం మానేసింది. బయటికి పోవాల్సిన ఆమ్లం, విషపదార్థాలు పేగుల్లోనే నిలిచిపోతే అవి రక్తంలోకి ఎక్కుతాయి. పైగా గింజలు ఎక్కువ తిన్న మేకలకు చిటుక రోగం వచ్చే ప్రమాదం ఎక్కువ. పేగుల్లోని క్లాస్ట్రీడియం బ్యాక్టీరియా విడుదల చేసే విషం వల్ల కొన్ని గంటల్లో ప్రాణం పోవచ్చు. టీకా వేయించామనే ధీమా కూడా పనికిరాదు, ఆ టీకా గొర్రెలను కాపాడినంత బాగా మేకలను కాపాడదు. అలాంటప్పుడు పేగులకు తాళం వేయడం ఎంత తప్పో మీరే చెప్పండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు నోటి ద్వారా వేసినా, మిగిలిన కాసిని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పారుడు అనగానే నట్టల మందు పోసేవాళ్లూ ఉన్నారు. ఈ జబ్బుకు దానికీ సంబంధం లేదు. చూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ లాంటివి కడుపులో పిల్లకు హాని చేస్తాయి కూడా.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఆ సీసా. తల పైకెత్తి, మెడ చాపి, సీసా మూతిలో దూర్చి పోస్తే మేక సరిగా మింగలేదు, మందు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దగ్గడం దానికి గుర్తు. ఒకటి నుంచి మూడు రోజుల్లో జ్వరం, ముక్కు కారడం, ఆయాసం మొదలైతే పొట్ట బాగుపడ్డా న్యుమోనియాతో పోవచ్చు. నీడలో పడుకున్న మేక నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. డొక్క కదలికను గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. 40 దాటితే ఆ దగ్గు సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

తాగించే పద్ధతి ఇలా ఉండాలి. మేక నిలబడి ఉండాలి. ఒకరు దాన్ని గోడకు ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టి తలను వీపు ఎత్తుకు మించకుండా పట్టుకోవాలి. రెండోవారు సూది తీసేసిన 50 మి.లీ. సిరంజిని మూతి పక్క నుంచి, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీలో పెట్టి నాలుక మీదికి చేర్చాలి. ఒక్కో విడత 10, 15 మి.లీ. మించొద్దు. గుటక పడిందని గొంతు దగ్గర కంటితో చూశాకే మరోసారి. దగ్గిందా, వెంటనే తల వదిలేసి కిందికి దించుకోనివ్వండి. నాలుక పట్టి లాగొద్దు. అరలీటరు తాగించడానికి పావుగంట పైనే పడుతుంది, పట్టనివ్వండి. లేవలేని, తల వాల్చేసిన, గుటక వేయలేని మేకకు చుక్క కూడా పోయకూడదు. మీ మేక లేపినా లేవకపోతే అది ఈ లెక్కలోకే వస్తుంది.

డాక్టర్ వచ్చేలోగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డిజిటల్ థర్మామీటర్ మొనకు కాస్త నూనె రాసి, మలద్వారంలో పెట్టి, పక్క గోడకు తగిలేలా కొంచెం వంచి, శబ్దం వచ్చేదాకా పట్టుకోండి. 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. ఆమ్లం పెరిగిన మేకలో వేడి ఉండకపోవచ్చు. 100 కంటే తగ్గితే అది జ్వరం కంటే చెడ్డ కబురు. తర్వాత ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. ఆరోగ్యంగా ఉంటే నిమిషానికి ఒకటి రెండు సార్లు లోపలి నుంచి చేతిని నెడుతుంది. నొక్కితే పిండిముద్దలా సొట్టపడి ఉండిపోతే గింజ ఇంకా నానుతోందని, కదిపితే నీళ్ల కుండలా చప్పుడైతే నీరు చేరిపోయిందని అర్థం. మెడ మీది చర్మం చిటికెతో పట్టి వదిలితే రెండు సెకన్ల తర్వాత కూడా ముడత పోకపోయినా, కళ్లు గుంటలు పడినా సెలైన్ తప్పదు. ఒంట్లో నీరు 8 శాతం తగ్గిందనుకుంటే 25 కిలోల మేకకు 2 లీటర్ల లోటు. కదలని పొట్టలో పోసి ఆ లోటు పూడ్చలేరు, నరానికి ఎక్కించాల్సిందే.

వంట సోడా ఆలోచన మంచిదే, మోతాదే చాలలేదు. ఈ బరువుకు 15 నుంచి 20 గ్రాములు, అంటే తలకొట్టిన టీ చెంచాలు మూడు నాలుగు, అరలీటరు గోరువెచ్చని నీటిలో. నిలబడి గుటక వేయగలిగితేనే, అదీ ఒక్కసారే. మళ్లీ మళ్లీ పోస్తే రక్తంలో ఆమ్లానికి బదులు క్షారం మితిమీరిపోతుంది. ఎడమ డొక్క డప్పులా బిగిసి ఉబ్బి ఉంటే సోడా అసలు వద్దు. ఆమ్లంతో కలిసి గ్యాస్ పుట్టిస్తుంది, ఆ గ్యాస్ ఊపిరిని నొక్కేస్తుంది. అప్పుడు గొట్టం వేసి గాలి తీయాలి, అది వైద్యుడి పని. నీళ్లు బకెట్‌తో ముందు పెట్టకుండా గంటకోసారి కొద్దికొద్దిగా ఇవ్వండి. పక్కకు వాలిపోకుండా రెండు వైపులా గోతాలు మడిచి పెట్టి, రొమ్ము మీద కూర్చున్నట్టు ఉంచండి.

వైద్యుడు పొట్ట కడగవచ్చు, సెలైన్‌తో పాటు విటమిన్ బి1 ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇవ్వవచ్చు. మరీ ఎక్కువ తిన్నదైతే పొట్ట తెరిచి రవ్వ తీసేయాల్సి రావచ్చు. ఏది అవసరమో చూసినవారే తేలుస్తారు, ఇక్కడి నుంచి నేను చెప్పలేను. తిడతారని మాత్ర సంగతి దాచొద్దు, ఆ మాత్ర అట్టను చేతికివ్వండి.

గండం గట్టెక్కితే అప్పుడు మీ ప్రశ్నకు జవాబు: బలానికి దాణా కాదు, ఎండుగడ్డి. ఐదు నుంచి ఏడు రోజులు ఎండుగడ్డి, చెట్ల ఆకులు తప్ప గింజ, తవుడు ఏదీ వద్దు. నెమరు రాకపోతే ఆరోగ్యమైన మేక పొట్టలోని రసాన్ని వడకట్టి తాగించే పద్ధతి ఉంది, డాక్టర్‌ను అడగండి. దాణా మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రోజుకు 50 గ్రాములతో మొదలెట్టి, రెండు మూడు రోజులకోసారి అంతే పెంచుతూ రెండు వారాలు తీసుకోండి.

ఈ రెండు వారాల్లోనే గిట్టలు తాకి చూడండి. వేడిగా ఉండి, మోకాళ్ల మీద మేస్తుంటే గిట్టల లోపల వాపు వచ్చిందని. ఆకాశంలోకి చూస్తున్నట్టు తల వెనక్కి విరవడం, గోడకు తల ఆనించడం, కళ్లు కనిపించనట్టు తడబడడం బి1 లోపం గుర్తులు, అదే రోజు ఇంజెక్షన్ పడాలి. మందలో మరో మేకకూ పారుడు మొదలై, 104 దాటిన జ్వరం, నోట్లో పుండ్లు, కంటి పుసి ఉంటే కథ వేరు. అది పీపీఆర్ అనే అంటురోగం కావచ్చు, విడిగా కట్టి కబురు చేయండి.