జమైకా జలపాతం ఎక్కే విషయమై మేనకోడలికి లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. జూన్ నెలలో మీరు ఫ్లోరిడా నుంచి ఎక్కబోయే క్రూయిజ్ ఓడ జమైకాలోని ఓచో రియోస్ రేవులో ఒక పగలు ఆగుతుందనీ, ఆ పూట డన్స్ రివర్ జలపాతం ఎక్కే టూరుకు అమ్మానాన్నలతో కలిపి ఐదుగురికీ టికెట్లు తీసుకోవాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. ఐదుగురికీ కలిపి ఒకే జవాబు వెతుకుతున్నావు కాబట్టే అది తేలడం లేదు. ఎక్కాలా వద్దా అన్నది ఎవరికి వారికి విడిగా నిర్ణయించవలసిన విషయం. పైగా ఆ నిర్ణయం జలపాతం అడుగున నిలబడ్డాక కాక, ముందే ఇంటి దగ్గర జరగాలి. అలా ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ఆ చోటు ఎలా ఉంటుందో, అక్కడ ఎక్కించే పద్ధతి ఏమిటో తెలియాలి.

జలపాతం అనగానే మనకు నిలువుగా దూకే నీళ్లు గుర్తుకొస్తాయి. డన్స్ రివర్ అలాంటిది కాదు. సుమారు 180 అడుగుల ఎత్తు నుంచి 600 అడుగుల పొడవునా మెట్లు మెట్లుగా జారుతూ వచ్చి, నేరుగా కరీబియన్ సముద్రపు ఒడ్డున ఇసుకలోకి దిగుతుంది. కొండల్లోని సున్నపురాయి గుండా వచ్చే ఊటనీరు ఆ రాతిని కొంత కరిగించి తనతో తెస్తుంది. నీరు రాళ్లమీద చిందిపడే చోట అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, కరిగిన సున్నం పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ మెట్లు అలా ఏర్పడ్డవే, ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. చూడడానికి ఎంతో అందంగా ఉంటాయి కానీ వాటి అంచులు గుండ్రంగా ఉంటాయి, ఒక మెట్టు జానెడు ఎత్తుంటే మరొకటి నడుము దాకా వస్తుంది, నీటి నురగ కింద ఎక్కడ గుంట ఉందో ఎక్కడ రాయి ఉందో కంటికి కనిపించదు. నీరు ఊటది కాబట్టి సముద్రం కంటే చల్లగా ఉంటుంది. మొదటిసారి ఛాతీ దాకా తడిసినప్పుడు ఎవరికైనా ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టే అవుతుంది.

లోపలికి వెళ్లే ద్వారం పైనే ఉంటుంది. జలపాతం పక్కనే కట్టిన మెట్ల మీదుగా సముద్రపు ఒడ్డుకు దిగి, అక్కడి నుంచి నీళ్లలో పైకి ఎక్కుతారు. అడుగున గైడు వచ్చి అందరినీ వరుసలో నిలబెట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమని చెప్పి, గొలుసులా పైకి నడిపిస్తాడు. పూర్తిగా ఎక్కడానికి సుమారు గంట నుంచి గంటన్నర పడుతుంది. ఓడలు వచ్చిన రోజున జనం కిక్కిరిసి ఉంటారు, ఒక వరుస వెనుక మరొక వరుస వస్తూనే ఉంటుంది.

అసలు చిక్కు ఆ గొలుసులోనే ఉంది. దానివల్ల మేలు లేకపోలేదు. పట్టు తప్పిన మనిషిని పక్కవారు ఆపగలరు, భయపడే పిల్లలకు ధైర్యం వస్తుంది. అయితే ఒకసారి చేతులు కలిపాక నీ అడుగు వేగం నీ చేతిలో ఉండదు. ముందువారు లాగుతారు, వెనుకవారు ఆగుతారు, పడిన మనిషి పక్కవారిని కూడా లాగవచ్చు. నేను ఎక్కినప్పుడు నా ముందున్న ఒక పెద్దావిడ నిటారుగా ఉన్న ఒక రాతి దగ్గర మోకాలు ఎత్తలేక ఆగిపోయింది. ఆమె వెనుక వరుస అంతా నిలిచిపోయింది, కింద ఉన్నవారు ఉత్సాహంగా కేకలు వేస్తున్నారు. అందరికీ అడ్డంగా ఉన్నానన్న మొహమాటంతో ఆమె, శక్తి లేకపోయినా, మరో మెట్టు ఎక్కబోయింది. గైడు అనుభవం ఉన్నవాడు కాబట్టి ఆమె ముఖం చూసి గ్రహించి, నెమ్మదిగా పక్కనున్న మెట్లవైపు చేర్చాడు. అలా మధ్యలో బయటికి వెళ్లే దారులు అక్కడక్కడా ఉన్నాయి, ఆ సంగతి మీ అందరికీ ముందే తెలిసి ఉండాలి. ఏ గైడు ఆ పూట మీకు దొరుకుతాడో మనం ఎంచుకోలేం కనుక, గమనించే బాధ్యత అంతా అతనిమీద పెట్టకూడదు.

మీ అమ్మ తప్పకుండా ఒక మాట అంటుంది, నాకు తెలుసు: అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లినదాన్ని, ఇది ఒక లెక్కా అని. అక్కడి మెట్లు పొడిగా, ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ కూర్చోవచ్చు, ఎవరూ చెయ్యి పట్టి లాగరు. అలిపిరి దారి ఓపికను పరీక్షిస్తుంది, ఈ జలపాతం మోకాలి బలాన్నీ నిలదొక్కుకునే నేర్పునూ పరీక్షిస్తుంది. మొదటిది ఉన్నవారికి రెండోది ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక ఒక్కొక్కరి సంగతి. బావగారు ఎక్కకూడదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. ఆయన గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ఆ మాత్రలు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం మామూలు మనిషికంటే ఎక్కువ. ఓడలో వైద్యుడు ఉంటాడు కానీ తలకు శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి ఉండదు. పైగా ఆయనకు చక్కెర వ్యాధి కూడా ఉంది. పాదాలకు స్పర్శ తగ్గిన మనిషికి రాయి గుచ్చుకున్నదీ, కాలు పక్కకు జారుతున్నదీ వెంటనే తెలియదు. డాక్టరుగారు వేరుగా చెబితే ఆయన మాటే పాటించండి. అయితే అడిగేటప్పుడు “జలపాతం చూడడానికి వెళ్తున్నాం” అనవద్దు. చల్లని నీళ్లలో తడి రాళ్ల మీద గంటసేపు ఎక్కవలసి ఉంటుందని విడమరచి చెప్పి అడగండి.

మీ అమ్మ విషయం తేల్చడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మోకాలి ఎత్తున్న గట్టి పీటో, మేడ మెట్లలో రెండు మెట్ల ఎత్తో చూసి, పక్కన నువ్వు నిలబడి, ఆమెను ఏ ఊతమూ లేకుండా ఒక్కొక్క కాలితో పది సార్లు ఎక్కి దిగమను. తర్వాత నేలమీద కూర్చోబెట్టి, ఎవరి సాయమూ లేకుండా లేవమను. ఈ రెండూ తడబాటు లేకుండా చేయగలిగి, మర్నాడు మోకాళ్లు వాయకుండా ఉంటే జలపాతం ఎక్కే యోగ్యత ఆమెకు ఉందనుకోవచ్చు. గోడ పట్టుకోవలసి వచ్చినా, మర్నాడు నొప్పి అన్నా, వద్దు. టూరుకు నెల రోజుల ముందే ఈ పరీక్ష చేస్తే నిర్ణయానికి వ్యవధి ఉంటుంది. ఓడవాళ్ల ద్వారా తీసుకున్న టూరును రద్దు చేసుకోవడానికి గడువు ఉంటుంది, అది ఎప్పటికో టికెట్ తీసుకునేటప్పుడే చూసి రాసి పెట్టుకో.

తొమ్మిదేళ్ల పిల్లవాడు ఎక్కవచ్చు, చాలామంది పిల్లలు పెద్దలకంటే సులువుగా ఎక్కుతారు. వయసు, ఎత్తు విషయంలో టూరు నిర్వాహకుల నిబంధన ఉంటే అది చూసుకో. వాడికి కావలసింది ధైర్యం కాదు, చెప్పిన మాట వినడం. అక్కడక్కడా చిన్న మడుగులు వస్తాయి, పిల్లలు వాటిలోకి దూకాలనుకుంటారు. అడుగున రాయి ఎంత లోతులో ఉందో తెలియని నీళ్లలో ఎవరూ దూకకూడదు. వాడు గొలుసులో నీకూ అల్లుడుగారికీ మధ్యనే ఉండాలి. మీ ఇద్దరి గురించి నాకు ఏ బెంగా లేదు. ఎక్కండి, ఆ అనుభవం విలువైనదే.

ఇందులో అన్నిటికంటే కష్టమైనది శరీరానికి సంబంధించినది కాదు. మన పెద్దవాళ్లు పిల్లల సరదా పాడుచేయకూడదని “నాకేం ఫర్వాలేదు” అంటారు. డబ్బు కట్టేశారని తెలిస్తే ఇంకా గట్టిగా అంటారు. నలుగురిలో కూర్చోబెట్టి “అమ్మా, ఎక్కుతావా?” అని అడిగితే నిజం బయటికి రాదు. ఇద్దరినీ వేర్వేరుగా, తీరుబడిగా ఉన్నప్పుడు, ఎక్కకపోయినా ఆ పూట బాగా గడిచే ఏర్పాటు ముందుగా చెప్పి, ఆ తర్వాత అడుగు. అప్పుడు వచ్చే జవాబును నమ్మవచ్చు.

ఆ ఏర్పాటు కూడా నిజంగా బాగుండాలి. ఎక్కనివారిని సంచులు కాపలా కాయడానికి వదిలేసి వెళ్లడం నాకు నచ్చదు. జలపాతం పక్కనున్న మెట్ల వెంట చూడడానికి వీలైన చోట్లు ఉన్నాయి. అక్కడ నిలబడితే మీరు ఎక్కడమంతా కనిపిస్తుంది, ఫొటోలు కూడా తీయవచ్చు. అడుగున నీళ్లు సముద్రంలో కలిసే చోటు చూడవలసినది. కాకపోతే అక్కడి దాకా దిగిన మనిషి మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కి రావాలి, మోకాళ్ల నొప్పులవారికి దిగడమే ఎక్కువ బాధ. కాబట్టి బావగారిని పూర్తిగా కిందికి దింపకుండా సగం దారిలో నీడ ఉన్న చోట కూర్చోబెట్టండి. సంచులకు అక్కడ అద్దె లాకర్లు దొరుకుతాయి. మీరు దిగేటప్పుడు పక్కనే జలపాతమంతా కనిపిస్తుంది కనుక, తొందరపడకుండా దాన్ని గమనిస్తూ దిగండి. ఇంటి దగ్గర సరేనన్నవారు ఆ నీటిని చూసి వద్దనుకుంటే, ఒక్క మాట కూడా ఎదురు చెప్పకండి. ఇంట్లో వద్దనుకున్నవారు మాత్రం అక్కడి సందడి చూసి మనసు మార్చుకోకూడదు.

ఎక్కేవారు రబ్బరు అడుగున్న వాటర్ షూస్ వేసుకోవాలి. అవి అక్కడ అద్దెకు దొరుకుతాయి కానీ కాలికి సరిగ్గా పట్టేవి ముందే కొనుక్కుని తీసుకెళ్లడం మేలు. హవాయి చెప్పులు ప్రవాహంలో నిలవవు. అరికాళ్లకు సన్‌స్క్రీన్ పూసుకోవద్దు, షూ లోపల కాలు జారుతుంది. మీ అమ్మ ఎక్కేటట్టయితే చీర, చున్నీ, వదులు పైజమా వద్దు. ఈత దుస్తులు ఇష్టం లేకపోతే ఒంటికి పట్టే లెగ్గింగ్స్, పొట్టి టీషర్టు చాలు. నూలు బట్ట తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. గాజులు, ఉంగరాలు, నగలు ఓడ గదిలోని లాకర్‌లో పెట్టి రండి. గట్టిగా చెయ్యి పట్టుకున్నప్పుడు ఉంగరం పక్కవారి వేలిని నొక్కుతుంది, గాజు పగిలితే కోసుకుంటుంది. మంగళసూత్రం తీయనంటే లోపలికి తోసి పిన్నుతో బిగించమను. కళ్లజోడుకు తాడు కట్టాలి. చేతిలో ఫోన్ ఉండకూడదు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

రాయిమీద ఉన్నప్పుడు గైడు కాలు పెట్టిన చోటే కాలు పెట్టండి. ముందు వేళ్లతో తడిమి, రాయి గట్టిగా ఆనిందని తెలిశాకే ఒంటి బరువు వేయండి. పాచి పట్టి పచ్చగా మెరిసే చోటును వదిలేయండి. నిటారుగా ఉన్న చోట పక్కవారి చెయ్యి కంటే రాయే నమ్మకమైన పట్టు, అలాంటప్పుడు గైడుకు చెప్పి చేతులు విడిపించుకుని రెండు చేతులతో రాతిని పట్టుకోండి. జారుతున్నట్టు అనిపిస్తే నిలబడడానికి పెనుగులాడకుండా అక్కడే కూర్చుండిపోవాలి. కూర్చుంటే దెబ్బ చిన్నదవుతుంది. చాలనిపిస్తే “ఇక్కడ బయటికి వెళ్తాను” అని గైడుతో స్పష్టంగా చెప్పాలి. ఆ మాట మీలో ఎవరు అన్నా, ఒకరు తోడుగా బయటికి రావాలని ముందే ఒప్పందం చేసుకోండి.

జూన్ కాబట్టి వానల సంగతి చెప్పాలి. కొండల మీద వాన పడితే ఒడ్డున ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది. నీళ్లు మట్టిరంగుకు తిరిగి ఉంటే, గేటు తెరిచే ఉన్నా మీరు ఎక్కవద్దు. టాక్సీవాళ్లు జనం లేని మరో జలపాతానికి తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర ఆంధ్రప్రదేశ్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన ఇద్దరు కుర్రవాళ్లు నీళ్లలో పడి చనిపోయారు. గైడు లేని చోట తడి రాయి దగ్గరికి వెళ్లడం గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

వేళ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. జమైకాలో గడియారాన్ని వేసవికి ముందుకు జరపరు, ఫ్లోరిడాలో జరుపుతారు. అందుచేత జూన్‌లో ఓడ గడియారం రేవు గడియారం కంటే గంట ముందు ఉండవచ్చు. ఫోన్ తనంతట తాను సమయం మార్చుకుని మోసం చేస్తుంది కనుక చేతి గడియారాన్ని ఓడ వేళకు పెట్టుకో. ఓడవాళ్లే నడిపే టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, బయట మాట్లాడుకున్న టూరు ఆలస్యమైతే ఆగదు. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఓడవాళ్ల టూరే తీసుకో. అమ్మానాన్నలకు నువ్వు తీసుకున్న ఆరోగ్య బీమా అమెరికా దాటితే, ఓడలో కూడా, వర్తిస్తుందో లేదో ఆ కాగితాలు తీసి చదువు. వర్తించకపోతే ప్రయాణ బీమా వేరుగా తీసుకో.

ప్రస్తుతానికి ఎక్కే టూరుకు మూడు టికెట్లు తీసుకో, చూడడానికి మాత్రమే వచ్చేవారికి ఏ టికెట్ కావాలో ఓడవాళ్లను అడుగు. మీ అమ్మ పరీక్ష ఎలా జరిగిందో, బావగారి డాక్టరు ఏమన్నారో నాకు రాస్తే, నాలుగో టికెట్ సంగతి అప్పుడు చూద్దాం. పిల్లవాడికి నా ముద్దులు, అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య