712 దగ్గర ఆగిపోకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తెలుగు వికీపీడియా కోసం నువ్వు రాసిన ‘తొలి మధ్యయుగ సింధ్’ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది, అనువాద పరికరం వదిలిన ముళ్లు ఎక్కడా తగలలేదు. అయినా దాన్ని ఇప్పుడే ప్రచురించకు, మరికొన్నాళ్లు నీ ప్రయోగశాలలోనే, అంటే చిత్తుప్రతుల పేజీలోనే ఉంచు. ఎందుకో వివరంగా చెబుతాను.

711-12లో సింధ్‌ను గెలిచిన అరబ్బు సేనాని ముహమ్మద్ బిన్ ఖాసిం మరణం గురించి రాసిన పేరా తీసుకుందాం. ఆ యుద్ధంలో మరణించిన సింధ్ రాజు దాహిర్ కుమార్తెలిద్దరినీ ఖలీఫా దగ్గరికి పంపారు, ఆ సేనాని తమను ముందే చెరిచాడని వాళ్లు ఫిర్యాదు చేశారు, ఖలీఫా ఆజ్ఞ ప్రకారం అతణ్ని పచ్చి తోలులో కుట్టేశారు, దారిలోనే ప్రాణం పోయింది, చివరికి అది తమ పగ అని ఆ అమ్మాయిలు ఒప్పుకున్నారు. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. నువ్వు దీన్ని జరిగిన సంగతిగా రాశావు. కానీ ఈ కథ చచ్‌నామాలోది. అలీ కూఫీ అనే ఆయన ఉచ్ పట్టణంలో, నాసిరుద్దీన్ ఖబాచా పాలనలో, 1216 ప్రాంతంలో పారశీకంలో రాసిన గ్రంథమది. జరిగినదానికీ రాసినదానికీ నడుమ 500 ఏళ్లు. పాత అరబీ గ్రంథాన్ని అనువదించానని ఆయనే చెప్పుకున్నాడు. మనన్ అహ్మద్ ఆసిఫ్ వంటి నేటి చరిత్రకారులు మాత్రం దాన్ని పదమూడో శతాబ్దపు రాజకీయ ఆలోచనలతో పుట్టిన స్వతంత్ర రచనగానే చూస్తున్నారు.

ఇక తొమ్మిదో శతాబ్దంలో రాసిన అరబీ చరిత్రకారుడు బలాజురీని చూడు. ఆయన కథనంలో తోలు లేదు. కొత్త ఖలీఫా సులేమాన్ గద్దెనెక్కాక, అంతకుముందు ఇరాక్‌ను ఏలిన అధికారి హజ్జాజ్ మనుషులకు చెడ్డరోజులు వచ్చాయి. హజ్జాజ్ బంధువైన ఈ యువ సేనానిని సంకెళ్లతో తీసుకుపోయి ఇరాక్‌లోని వాసిత్ చెరసాలలో హింసించి చంపారు. హింసించిన అధికారి సోదరుణ్ని అంతకుముందు హజ్జాజ్ చంపించాడు.

నీ పేరా ఇలా మారాలి: ‘తొమ్మిదో శతాబ్దపు చరిత్రకారుడు బలాజురీ ప్రకారం అతడు ఖలీఫా సులేమాన్ కాలంలో వాసిత్ చెరలో మరణించాడు. పదమూడో శతాబ్దపు చచ్‌నామా ఈ మరణానికి దాహిర్ కుమార్తెల పగను కారణంగా చెబుతుంది.’ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది వాక్యంలోనే ఉండాలి. అడుగున మూలాల్లో పెడితే చాలదు, అక్కడిదాకా వెళ్లి చూసేవాళ్లు చాలా తక్కువ. తొలి రోజుల్లో నేనూ ఇలాగే ఒకే పుస్తకం పట్టుకుని ఒక రాజవంశం వ్యాసం రాశాను. రెండేళ్ల తరువాత ఒక విద్యార్థి ప్రాజెక్టులో నా తప్పు అక్షరం పొల్లుపోకుండా కనబడింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అంతమాత్రాన చచ్‌నామాను పారేయకు. అరోర్ రాజధానిగా సింధ్‌ను ఏలిన రాయ్ వంశం, ఆ గద్దెనెక్కిన చచ్, అతని కొడుకు దాహిర్, ఈ వరుసను కథగా చెప్పేది అదే. దాని పక్కన చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్‌ను కూర్చోబెట్టు. ఏడో శతాబ్దంలో అక్కడికి వెళ్లిన ఆయన సింధ్ రాజు శూద్రుడని, బౌద్ధుడని రాశాడు. చచ్ బ్రాహ్మణుడని చచ్‌నామా అంటుంది. హుయాన్‌త్సాంగ్ చూసింది ఏ రాజునో లెక్క కట్టి తేల్చాలని నీకు అనిపిస్తుంది. ఆ పని మనది కాదు, వికీపీడియా ఒప్పుకోని మౌలిక పరిశోధన, అంటే మన సొంత తీర్పు అయిపోతుంది. రెండు మాటలూ రాసి, పండితులు ఏమన్నారో చెప్పి ఊరుకో.

గ్రంథాల కన్నా దగ్గరి సాక్షులు కొందరున్నారు. వాళ్లలో ఒకరు మనకు చుట్టం. 739 నాటి నవ్‌సారి తామ్రశాసనం లాట దేశాన్ని, అంటే దక్షిణ గుజరాత్‌ను ఏలిన అవనిజనాశ్రయ పులకేశిది. బాదామి చాళుక్యుల శాఖ వాళ్లది, మన వేంగి చాళుక్యులూ ఆ చెట్టు కొమ్మే. తాజికులు, అంటే అరబ్బులు, సైంధవ, కచ్ఛేల్ల, సౌరాష్ట్ర, చావోటక, మౌర్య, గూర్జర రాజులను దెబ్బతీసి దక్షిణాపథంలోకి రాబోతే తాను ఓడించానని అందులో ఉంది. దాహిర్ మరణించి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా కాలేదు. పొగడ్త శాసనమే, ఆ సంగతి మరిచిపోకూడదు, కానీ ఆ కాలపు మాట. అందులోని ‘సైంధవ’ దగ్గర జాగ్రత్త: సౌరాష్ట్రలో సైంధవులనే వేరే రాజవంశం కూడా ఉంది.

రెండో సాక్షి కరాచీకి తూర్పున ఉన్న బన్‌భోర్. అక్కడి తవ్వకాల్లో బయటపడిన మసీదు శాసనాల్లో ఒకదానిపై హిజ్రీ 109 అని ఉంది, క్రీ.శ. 727-28 అన్నమాట. ముహమ్మద్ బిన్ ఖాసిం మొదట పట్టుకున్న దేబల్ రేవు బన్‌భోరే అని చాలామంది అంటారు, అందరూ ఒప్పుకోలేదు. నువ్వు దేబల్ పక్కన ‘నేటి బన్‌భోర్’ అని కుండలీకరణాల్లో పెట్టి తేల్చేశావు, తీసేయ్. హిజ్రీ తేదీల విషయంలో మరొక మాట. హిజ్రీ 93 అంటే 711 అక్టోబరు నుంచి 712 అక్టోబరు దాకా. నెల తెలియనప్పుడు ‘711-12’ అనే రాయి.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టిన విషయం. నీ పన్నెండు పేరాల్లో పదకొండు దండయాత్రవే. తరువాతి మూడు వందల ఏళ్లకు దక్కింది ఒక్క వాక్యం, ‘అనంతరం సింధ్ అరబ్బుల పాలనలో ఉంది’ అని. అమ్మాయీ, దేశం 712లో ఆగిపోలేదు. అరబ్బుల రాజధానిగా మన్సూరా నగరం లేచింది. ముహమ్మద్ బిన్ ఖాసిం కొడుకు అమ్ర్ దాన్ని కట్టించాడని బలాజురీ అంటే, తరువాత సింధ్‌ను ఏలిన మన్సూర్ బిన్ జుమ్హూర్ పేరు మీద వచ్చిందని అరబ్బు యాత్రికుడు మసూదీ అంటాడు. తొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి హబ్బారీ అనే అరబ్బు వంశపు అమీర్లు అక్కడ దాదాపు స్వతంత్రంగా ఏలారు. వాళ్ల పేర్లతో చిన్న వెండి నాణేలు దొరికాయి, ఒక్కొక్కటి అర గ్రాము అటూ ఇటూ ఉంటుంది. పదో శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన మసూదీ, ఆ రాజు దగ్గర 80 యుద్ధపు ఏనుగులు ఉన్నాయని రాశాడు. ఎగువన ముల్తాన్ వేరే రాజ్యమైంది, తరువాత షియాల్లో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల చేతికి వెళ్లింది. గజనీ మహమూద్ సోమనాథ్ నుంచి తిరిగి వెళుతూ మన్సూరా మీద పడ్డాడు. ఆపైన సూమ్రా వంశం వాళ్లు ఏలారు. వీళ్లందరికీ విడివిడి వ్యాసాలు కావాలి. మొలకలైనా, అంటే నాలుగు వాక్యాల చిన్న వ్యాసాలైనా పరవాలేదు, మూలాలుంటే చాలు.

పేర్ల సంగతీ చూడు. తెలుగులో ‘సింధు’ అంటే నది, నాగరికత, ప్రాంతం మూడూ వస్తాయి. ప్రాంతానికి ‘సింధ్’ అనే వాడు, ఏ అర్థానికి ఏ వ్యాసమో చూపే అయోమయ నివృత్తి పేజీ పెట్టు. దాహిర్, దాహర్ రెండూ వాడుకలో ఉన్నాయి, ఒకదాని నుంచి రెండోదానికి దారిమార్పు ఇవ్వు. ‘ఖాసిం దండెత్తాడు’ అనవద్దు, ఖాసిం అన్నది ఆ సేనాని తండ్రి పేరు.

చర్చా పేజీలో కోపాలు వస్తాయి. ఒకరికి ముహమ్మద్ బిన్ ఖాసిం వీరుడు, ఇంకొకరికి దురాక్రమణదారు. విశేషణం మీద వాదించకు, ఏ గ్రంథం ఏం చెప్పిందో చూపించు. దేబల్‌లో జరిగిన హత్యలను మెత్తబరచనూ వద్దు. కోట పడ్డాక మూడు రోజులు చంపారని బలాజురీయే రాశాడు.

మన్సూరా వ్యాసంతో మొదలుపెట్టు. సంఘర్ జిల్లాలో, షాదాద్‌పూర్ దగ్గర శిథిలాలు ఉన్నాయి. వాటికి బ్రాహ్మణాబాద్ అన్న పేరూ ఉంది, 1854లోనే బెల్లాసిస్ అనే బ్రిటిష్ అధికారి అక్కడ తవ్వాడు. ఆ రెండు పేర్లకూ ఉన్న సంబంధంతోనే మొదటి పేరా రాయి. ఆదివారం లోపల పంపితే తేదీలు నేను సరిచూసి పెడతాను.

ఇట్లు,
నీ మామయ్య