‘రావచ్చు’, ‘వస్తుంది’, ‘అవకాశం ఉంది’

సందేహం: “సెల్‌ఫోన్ అణుధార్మికత వల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది” అని మా బడి గోడపత్రికకు ఒక విద్యార్థి రాశాడు. ‘వస్తుంది’ అనాలా, ‘రావచ్చు’ అనాలా? ‘అణుధార్మికత’ సరైన మాటేనా?

సమాధానం: ముందు ‘తేల్చింది’ తీసేయించండి. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మేలో రేడియో తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. ‘కారణం కావచ్చు, ఆధారాలు మాత్రం పరిమితం’ అని ఆ వర్గానికి అర్థం. విషయం తేలలేదు కాబట్టే అందులో పెట్టారు.

మన ‘వచ్చు’ రెండు పనులు చేస్తుంది. “లోపలికి రావచ్చు” అంటే అనుమతి. “రేపు వాన రావచ్చు” అంటే ఊహ. వ్యతిరేకార్థంలో చూడండి: మొదటిది ‘రాకూడదు’ అవుతుంది, రెండోది ‘రాకపోవచ్చు’ అవుతుంది. ఊహ చెప్పే ‘రావచ్చు’లో ‘రాకపోవచ్చు’ ఎప్పుడూ కలిసే ఉంటుంది. 2బికి అతికినట్లు సరిపోయేది అదే. పై మెట్టు 2ఎ. మబ్బు పట్టాక “వాన వచ్చేలా ఉంది” అంటామే, ఆ బలం దానిది. పొగాకు ఒకటో వర్గం, అక్కడ ‘వస్తుంది’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. అయితే ఈ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి గానీ ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. పత్రికల్లో తరచు జారిపోయే తేడా ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే.

‘అవకాశం’ ఇక్కడ నాకు నచ్చదు. ఉద్యోగం వచ్చేది అవకాశం. జబ్బుకు ఆ మాట పొసగదు.

‘అణుధార్మికత’ పూర్తిగా తప్పు. అది యురేనియం వంటి వాటి పరమాణు కేంద్రకాల నుంచి వెలువడేది. చదివినవారికి చెర్నోబిల్ అణు ప్రమాదం గుర్తొస్తుంది. ఫోన్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి వాటికి లేదు, ఒంటి కణజాలాన్ని కాస్త వేడెక్కించగలవు. అలా ఒంట్లోకి చేరే శక్తికే మన దేశంలో కిలో కణజాలానికి 1.6 వాట్లని హద్దు పెట్టారు. చాలా ఫోన్లలో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే ఆ ఫోన్ లెక్క తెర మీద కనబడుతుంది. పిల్లల చేత నొక్కించి చూపండి. ‘వికిరణం’ సరైన మాటే, కానీ గోడపత్రికకు అందరికీ తెలిసిన ‘రేడియేషన్’ చాలు.

నేనైతే ఇలా దిద్దుతాను: “సెల్‌ఫోన్ రేడియేషన్ వల్ల క్యాన్సర్ రావచ్చని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం ఒకటి పేర్కొంది. ఆ సంస్థే చేయించిన 2024 నాటి సమీక్షలో ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు.” ఆ చివరి మాటను ‘సంబంధం లేదు’ అని మార్చనివ్వకండి.