బుడ్డలు, చెనక్కాయలు, పల్లీలు: వేరుశనగ పడని పాపతో సీమలో తిరగాలంటే

మీరు అడిగింది: పాపకు ఏడేళ్లు, వేరుశనగ అలర్జీ ఉంది. హైదరాబాద్ నుంచి బయల్దేరి కర్నూలు, మంత్రాలయం, అనంతపురం, గండికోట, కడప ఐదు రోజుల్లో చూడాలి. బయట ఏం పెట్టొచ్చు?

ముందు మాట దగ్గర జాగ్రత్త. హైదరాబాద్ అలవాటులో మీ నోటికి పల్లీలనే వస్తుంది. కర్నూలు వైపు బుడ్డలంటారు, అనంతపురం, కడప వైపు చెనక్కాయలు. మూడూ వరసగా చెప్పండి. "శనగ పడదు" అని మాత్రం అనకండి. శనగపిండి అనుకొని బజ్జీ తీసేస్తారు, బుడ్డల చట్నీ వడ్డిస్తారు. ఉత్త "అలర్జీ" అన్నా చాలామందికి దురద అనే అర్థం. "అన్నా, పాప బుడ్డలు తింటే గొంతు వాచి ఊపిరాడదు, ఆస్పత్రికి పోవాల" అంటే వెంటనే లోపలికి వెళ్లి అడిగి వస్తారు.

"ఇందులో బుడ్డలున్నాయా?" అని అడిగితే వచ్చే "లేవు"ను నమ్మొద్దు. అబద్ధమాడరు. కంటికి గింజ కనబడకపోతే లేవనే అంటారు. వడ్డించే అబ్బాయిని కాకుండా వంట మాస్టర్‌నే అడగండి: చట్నీ దేంతో రుబ్బారు, పొడిలో ఏం కలిపారు, నూనె ఏది, గరిటె ఒకటేనా.

ఉగ్గానినే చూడండి. బొరుగులు (మరమరాలు) నీళ్లలో ముంచి గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లుతారు. పప్పులంటే ఇక్కడ పుట్నాలు, వాటితో మీకు ఇబ్బంది లేకపోవచ్చు. కానీ తాలింపులో గుప్పెడు చెనక్కాయలు వేసేవాళ్లున్నారు. పొడిలో వేయించిన బుడ్డలు కలిపి దంచేవాళ్లూ ఉన్నారు. పసుపు పట్టిన బొరుగుల్లో ఆ పలుకు అసలు తెలియదు. గింజలు ఏరేసి పెడితే సరిపోదు, పొడి ప్రతి బొరుగుకూ అంటుకునే ఉంటుంది. పక్కన మిరపకాయ బజ్జీ ఏ నూనెలో కాలిందో మళ్లీ వేరే ప్రశ్న. ఊరంతా ఇష్టంగా తినే టిఫిన్ పాపకు వద్దనడం కష్టమే, అయినా బయటి ఉగ్గాని పెట్టకండి.

కారం దోశా వద్దు. పెనం ఒకటే, అట్లకాడ ఒకటే, పైన చల్లే పొడి మళ్లీ అదే అనుమానం. ఇడ్లీ నయం, అదీ పొద్దున్నే, రద్దీ మొదలవకముందు. చట్నీ, సాంబారు బకెట్లు పక్కపక్కనే మోస్తారు, గరిటెలు తారుమారవుతాయి. అందుకే ఖాళీ ఇడ్లీలే మీ డబ్బాలో వేయించుకొని, మీ పొడి, మీ నెయ్యి కలిపి పెట్టండి.

మధ్యాహ్నానికి రాగి సంగటి మంచి దారి. బియ్యం, రాగిపిండి, నీళ్లు, ఉప్పు, అంతే. చిక్కంతా పక్కన వచ్చేదానితోనే. ఊరిబిండి అనే పచ్చడి చెనక్కాయలతోనే చేస్తారు. నాటుకోడి పులుసు చిక్కబడటానికి మసాలాలో చెనక్కాయలు నూరి వేసే చోట్లున్నాయి. గుత్తివంకాయ, బిర్యానీ పక్కన సాలన్, చిత్రాన్నం పూర్తిగా మానేయండి. సంగటిలోకి సీల్ ఉన్న పెరుగు ప్యాకెట్ చాలు. గుడిలో పులిహోర ప్రసాదం ఇస్తే కళ్లకద్దుకొని కవర్లో పెట్టేయండి, తాలింపులో చెనక్కాయలు వేసి ఉండొచ్చు.

నూనె సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బాగా రిఫైన్ చేసిన నూనెలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో మిగిలే ఉంటుంది. ఇక్కడ గానుగ చెనక్కాయ నూనె వాడకం ఎక్కువ, మంచి నూనె అని గర్వంగా చెబుతారు కూడా. డబ్బా చూడకుండా వేపుడు ముట్టొద్దు.

పాప ఒక్కదానికే ఐదు రోజులకు అర కిలో అటుకులు, పావు కిలో పుట్నాల పొడి, 200 గ్రాముల నెయ్యి, చిన్న రైస్ కుక్కర్, కిలో బియ్యం తెచ్చుకోండి. పుట్నాలు విడిగా కొనొద్దు. కొట్లో ఆ డబ్బా పక్కనే చెనక్కాయ విత్తనాలుంటాయి, రెండింటికీ ఒకే గరిటె. సీల్ ప్యాకెట్ కొని ఇంట్లోనే పొడి కొట్టుకోండి. కప్పు అటుకులు కడిగి ఐదు నిమిషాలు ఉంచి పెరుగు కలిపితే పూట గడుస్తుంది. పెంకుతో ఉన్న ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. బిస్కెట్ ప్యాకెట్ల మీద వేరుశనగ ఉంటే రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నియమం ఉంది, ప్రతిసారీ చదవండి. బేకరీలో విడిగా అమ్మేవాటికి ఆ భరోసా లేదు.

రైల్లో, బస్సులో సీటు సందుల్లో పొట్టు ఉంటుంది. తడి వైప్‌తో తుడిచి కూర్చోబెట్టండి. తినేముందు పాప చేతులు సబ్బుతో కడగాలి. శానిటైజర్ క్రిములను చంపుతుంది కానీ చెనక్కాయ ప్రోటీన్‌ను తీసేయదు. అక్టోబరు, నవంబరుల్లో వస్తే చెనక్కాయ పంట కోత కాలం. పల్లెల్లో ప్రేమగా పచ్చికాయలు చేతిలో పోస్తారు. పాపకు ముందే నేర్పండి: "వద్దవ్వా, నాకు పడవు."

మందు మాట చివర రాస్తున్నాను గానీ సర్దేటప్పుడు మొదటిది అదే. అడ్రినలిన్ ఇంజెక్షన్ రెండు మోతాదులు, పాప బరువును బట్టి ఎంత ఇవ్వాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి, ఇచ్చే పద్ధతి వాళ్ల ముందే చేసి చూడండి. తొడ బయటివైపు మధ్యలో కండకు ఇవ్వాలి. కారు డాష్‌బోర్డు మీద, ఐసుకు ఆనించి పెట్టొద్దు. రంగు మారితే పనికిరాదు. గొంతు బిగుసుకున్నా, పిల్లికూతలు వచ్చినా, తినగానే వాంతులతో సోలిపోయినా సిరప్ పోసి చూద్దామని ఆగొద్దు. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది, ఊపిరి నిలపదు. ఇంజెక్షన్ ఇచ్చి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టి (ఊపిరాడకపోతే కూర్చోబెట్టి) 108కి ఫోన్ చేయండి. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండోది. తగ్గినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు. కర్నూలు, అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, కడపలో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆస్పత్రి ఉన్నాయి. గండికోటకు దగ్గరి పట్టణం జమ్మలమడుగు, సుమారు 15 కిలోమీటర్లు. అందుకే అక్కడికి వెళ్లే రోజు మాత్రం మూడు పూటలా మీ డబ్బా అన్నమే పెట్టండి.