మోకాటి చిప్ప కింద నొప్పి: ఆరు వారాల విశ్రాంతి తర్వాత కూడా ఎందుకు తిరగబెట్టింది?

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయికి 20 ఏళ్లు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ కాలేజీ వాలీబాల్ జట్టులో స్పైకర్‌గా (ఎగిరి బంతిని అవతలికి కొట్టే ఆటగాడిగా) ఆడుతున్నాడు. ఎనిమిది నెలలుగా కుడి మోకాటి చిప్పకు సరిగ్గా కింద నొప్పి ఉంది. ఎగిరినప్పుడు, మెట్లు దిగేటప్పుడు ఎక్కువవుతుంది. ఎంఆర్‌ఐ తీయిస్తే పటెల్లార్ టెండన్‌లో టెండినోసిస్, చిన్న పాక్షిక చిరుగు ఉన్నాయని రిపోర్టు ఇచ్చారు. ఆరు వారాలు ఆట మాన్పించాం, నొప్పి పోయింది. మళ్లీ కోర్టులోకి దిగిన మూడో రోజే తిరగబెట్టింది. ఒకరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించమంటున్నారు. ఫిజియోథెరపిస్టు మాత్రం బరువులతో వ్యాయామాలు చేయించాలంటున్నారు. నొప్పి ఉన్న కాలితో గుంజీళ్లు తీయిస్తే ఉన్న చిరుగు పెద్దది కాదా? ఐదు వారాలలో కాలేజీల మధ్య పోటీ ఉంది, ఆడనివ్వవచ్చా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయిని నేను స్వయంగా పరీక్షించలేదు కనుక, మీరు రాసిన వివరాల మేరకే చెబుతున్నాను. మీ ఫిజియోథెరపిస్టు చూపించిన దారే సరైనది. గుంజీళ్లు అనగానే మనకు బడిలో మాస్టారు వేసిన శిక్ష గుర్తుకు వస్తుంది. అందులో లెక్క ఒక్కటే ఉంటుంది, కొలత ఉండదు. ఫిజియోథెరపీలో చేయించే స్క్వాట్‌కు ఎంత బరువు, ఎంత లోతు, ఎన్ని సెకన్లు, వారానికి ఎన్ని రోజులు అన్న నాలుగు కొలతలూ ఉంటాయి. అలా కొలిచి, నెమ్మదిగా పెంచుతూ పోయే బరువు వల్ల టెండన్ చిరిగిపోవడం చాలా అరుదు. ఆ బరువు లేకుండా అది బాగుపడటం కూడా అంతే అరుదు.

కుర్చీలో కూర్చున్న మీ అబ్బాయిని కాలు ముందుకు చాచి వదులుగా ఉంచమని, చిప్ప కింది అంచును మీ బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. అతను ఒక్క వేలు మోపి చూపించగలిగినంత చిన్న చోటే నొప్పి ఉంటే, అది పటెల్లార్ టెండన్ మొదలయ్యే చోటు. తొడ ముందు భాగంలోని పెద్ద కండరం లాగినప్పుడు ఆ లాగుడును చిప్ప మీదుగా ముంగాలి ఎముకకు చేర్చే బలమైన పట్టీ ఇదే. ఎగిరేటప్పుడు స్ప్రింగులా సాగి శక్తిని దాచుకునేదీ, కిందికి దిగేటప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల తాకిడిని కాచుకునేదీ ఇదే. దీనికి వచ్చే జబ్బుకు 1973లోనే వైద్యులు జంపర్స్ నీ అని పేరు పెట్టారు. నార్వేలో అగ్రశ్రేణి క్రీడాకారులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో వాలీబాల్ ఆటగాళ్లలో దాదాపు 45 శాతం మందికి, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో దాదాపు 32 శాతం మందికి ఈ సమస్య కనిపించింది. కాబట్టి మీ అబ్బాయికి ఏదో వింత రోగం వచ్చిందని దిగులు పడకండి. నొప్పి ఒక్క చోట కాకుండా చిప్ప చుట్టూ, చిప్ప వెనకాల ఉంటే మాత్రం అది వేరే సమస్య కావచ్చు, దానికి చికిత్స కూడా వేరు.

విశ్రాంతి ఎందుకు పని చేయలేదన్నది అసలు ప్రశ్న. దీన్ని చాలాకాలం వాపు జబ్బుగానే భావించి మాత్రలు, ఐసు, విశ్రాంతి ఇచ్చేవారు. ఆ తర్వాత టెండన్ ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కనిపించింది ప్రధానంగా వాపు కాదు. వరుసగా పేర్చినట్లు ఉండాల్సిన కొల్లాజెన్ నారలు పురి విడిన తాడులా చెదిరి ఉన్నాయి, వాటి మధ్యకు కొత్త రక్తనాళాలు చొరబడి ఉన్నాయి. మీ రిపోర్టులోని టెండినోసిస్ అన్న మాటకు అర్థం ఇదే. ఆట మానేస్తే ఆ తాడు మీద లాగుడు ఉండదు, కనుక నొప్పి తెలియదు. కానీ పురి తిరిగి పడదు. పైగా ఆ ఆరు వారాలలో తొడ కండరం సన్నబడి, టెండన్ ఓర్చుకునే శక్తి ఇంకా తగ్గుతుంది. అదే కాలితో పాత ఎత్తుకు ఎగరబోతే మూడో రోజే తిరగబెట్టడంలో ఆశ్చర్యం లేదు. మీరు తప్పు చేశారని అనడం లేదు. విశ్రాంతి ఇవ్వమని చెప్పి, ఆ తర్వాత ఏం చేయాలో చెప్పకపోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు, ఇది మా వైద్యులు తరచుగా చేసేదే.

పాక్షిక చిరుగు అన్న మాట చూసి మీకు నిద్ర పట్టి ఉండదు. ఏ నొప్పీ లేకుండా ఆడుతున్న ఎంతోమంది క్రీడాకారులకు స్కాన్ తీసినా ఇలాంటి మార్పులు కనిపిస్తాయి. నొప్పి పూర్తిగా తగ్గి ఆటలోకి వచ్చినవారి స్కాన్‌లో కూడా అవి అలాగే మిగిలి ఉండవచ్చు. అందువల్ల మూడు నెలలకొకసారి ఎంఆర్‌ఐ తీయించి చిరుగు మూసుకుందా అని చూడటం డబ్బు దండగ. కాలు ఏం చేయగలుగుతోందన్నదే మనకు కావలసిన కొలత.

ఇక ఫిజియోథెరపీలో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మధ్యలో మానేసేవారిలో ఎక్కువమంది అది ఎందుకు అలా సాగుతుందో తెలియక మానేస్తారు. మొదటి దశలో కాలు కదలదు. కూర్చుని మోకాలు చాచి బరువు ఎత్తే లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం మీద మోకాలిని సుమారు 60 డిగ్రీలు వంచి, పూర్తి శక్తిలో దాదాపు 70 శాతం పెట్టి 45 సెకన్లు అలాగే బిగించి ఉంచుతారు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ, అలా ఐదుసార్లు. కొందరికి దీని తర్వాత కొంతసేపు నొప్పి బాగా తగ్గుతుంది, అందరికీ తగ్గదు. ఇంట్లో యంత్రం లేకపోతే, గట్టి బెల్టును ఒక స్తంభానికి కట్టి మోకాళ్ల వెనక నుంచి వచ్చేలా వేసుకుని, వెనక్కి వాలి కూర్చున్నట్లు ఆగే పద్ధతిని ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోని పిల్లర్ ఇందుకు చక్కగా సరిపోతుంది. బెల్టు జారకుండా చూసుకోవాలి, అంతే.

రెండో దశే చికిత్సకు గుండెకాయ. లెగ్ ప్రెస్ (పాదాలతో బరువును నెట్టడం), స్క్వాట్, లెగ్ ఎక్స్‌టెన్షన్ వ్యాయామాలను బరువుతో, చాలా నెమ్మదిగా చేయిస్తారు. దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి మూడు సెకన్లు. మొదట 15 సార్లు చేయగలిగే బరువుతో మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ 6 సార్లకు మించి ఎత్తలేనంత బరువు దాకా తీసుకువెళతారు. జిమ్‌లో పక్కన ఉన్న కుర్రవాళ్లు చకచకా ఇరవై తీసేస్తుంటే ఇతను ఆరు సెకన్లకు ఒకటి తీయడం నామోషీగా అనిపిస్తుంది. ఫోన్‌లో సమంగా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టుకుని దానినే నమ్ముకోమనండి. ఈ వ్యాయామం రోజూ కాదు, రోజు విడిచి రోజు చేయాలి. బరువు ఎత్తిన తర్వాత మొదటి ఒకటి ఒకటిన్నర రోజు టెండన్‌లో కొల్లాజెన్ కట్టుబడటం కంటే విచ్ఛిన్నం కావడమే ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాతే లాభం వైపు మొగ్గుతుంది. త్వరగా తగ్గాలని రోజూ చేయించే తల్లిదండ్రులు ఆ లాభం రాకముందే పెట్టుబడి వెనక్కి తీసుకుంటున్నారన్న మాట. ఏటవాలు పలక మీద ఒంటికాలితో దిగే స్క్వాట్ గురించి కూడా మీరు వినే ఉంటారు. 25 డిగ్రీల వాలు ఉన్న ఆ పలక మీద మడమ ఎత్తులో ఉండటం వల్ల భారం పిక్క మీదికి పోకుండా మోకాటి టెండన్ మీదే పడుతుంది. ఒకప్పుడు చికిత్స మొత్తం దానితోనే నడిచేది. ఇప్పుడు నేను దానిని చికిత్స కంటే పరీక్షగానే ఎక్కువగా వాడతాను.

ఆ పరీక్ష ఇలా చేస్తారు. ఆ పలక మీద ఒంటికాలి స్క్వాట్ చేసినప్పుడు నొప్పి పదింటికి మూడు లోపు ఉంటే తర్వాతి దశకు పోవచ్చు. వ్యాయామంలో కూడా మూడు దాకా నొప్పిని అనుమతిస్తాం, మరుసటి రోజు పొద్దున్నకు అది పాత స్థాయికి దిగి ఉండాలి. దిగకపోతే బరువు తగ్గించాలి కానీ వ్యాయామం మానకూడదు. ఒక నోటుపుస్తకంలో తేదీ, ఎత్తిన బరువు, మరుసటి పొద్దున్న మెట్లు దిగేటప్పటి నొప్పి ఎంతో రాసుకోమనండి. మీ భవనంలో లిఫ్ట్ ఉన్నా ఆ ఒక్కసారి మెట్లే దిగమనండి. ఎంఆర్‌ఐ కంటే ఆ పుస్తకమే నాకు ఎక్కువ చెబుతుంది.

బలం తిరిగి వచ్చాకే మూడో దశలో చిన్న గెంతులు, పెట్టె మీద నుంచి దూకడాలు మూడు రోజులకొకసారి మొదలవుతాయి. నాలుగో దశలో స్పైక్, బ్లాక్ (నెట్ దగ్గర ఎగిరి బంతిని అడ్డుకోవడం) వంటి ఆటలోని కదలికలను రెండు మూడు రోజులకొకసారి ప్రాక్టీసులోకి తెస్తారు. ఈ నాలుగు దశల పద్ధతిని పాత పలక పద్ధతితో పోలుస్తూ నెదర్లాండ్స్‌లో 76 మంది క్రీడాకారుల మీద చేసిన పరీక్షలో 24 వారాల తర్వాత దశలవారీ పద్ధతిదే పైచేయి అయింది. అయితే ఒక మాట దాచను: ఆ మెరుగైన బృందంలో కూడా 24 వారాలకు గాయానికి ముందున్న స్థాయి ఆటకు చేరుకున్నవారు సగం కంటే తక్కువే. ఇది నెలలు పట్టే పని. ఆరు నెలలని ముందే చెబితే మూడో నెలలో నిరాశ పడరు కదా అని ముందే చెబుతున్నాను.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ విషయంలో నా అభిప్రాయం గట్టిది: వద్దు. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఇంజెక్షన్‌ను, పలక మీది స్క్వాట్‌లను, నిదానపు భారీ బరువులను పోల్చి చూశారు. 12 వారాలకు ఇంజెక్షన్ తీసుకున్నవారు కూడా బాగానే ఉన్నారు, కానీ ఆరు నెలలకు వారి పరిస్థితి దిగజారింది. బరువులు ఎత్తినవారి మెరుగుదల నిలిచింది. పైగా స్టెరాయిడ్ టెండన్‌ను బలహీనపరచగలదు, నొప్పి తెలియని కాలితో మీ అబ్బాయి ఆ పోటీలోకి దూకుతాడన్నది నా అసలు భయం. సొంత రక్తం నుంచి ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ద్రవాన్ని వేరు చేసి ఎక్కించే పీఆర్‌పీకి ఖర్చు ఎక్కువ. ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి చేసిన పరీక్షలో అంతకంటే మేలు కనిపించలేదు. శస్త్రచికిత్స మాట నెలల తరబడి సక్రమంగా వ్యాయామం చేసినా తగ్గనివారికే. చిప్ప కింద కట్టుకునే పట్టీ ఆడుతున్నంతసేపు నొప్పిని కొంత తగ్గిస్తుంది, వాడుకోవచ్చు. నూనె మర్దన తొడకు, పిక్కకు హాయినిస్తుంది; నొప్పి ఉన్న చోట మాత్రం బొటనవేలితో గట్టిగా రుద్దకండి.

ఇక ముందు మళ్లీ రాకుండా చూసుకోవడానికి మంచి ఫిజియోథెరపిస్టు మోకాలితోనే ఆగరు. చీలమండ ముందుకు తగినంత వంగకపోతే దిగేటప్పుడు తాకిడి మోకాలి మీదే పడుతుంది. పిక్క, పిర్ర కండరాలు బలహీనంగా ఉన్నా అంతే. అందుకే గోడకు ఎదురుగా నిలబెట్టి మడమ ఎత్తకుండా మోకాలు గోడకు తగులుతుందో లేదో చూస్తారు. నేల మీదికి దిగేటప్పుడు చప్పుడు వినమంటారు: ధబ్బున శబ్దం వస్తే కాలు బిగుసుకుని దిగుతున్నాడని అర్థం. సిమెంటు కోర్టులో దిగడం మన ఊళ్లలోని మట్టి కోర్టులో దిగడంతో సమానం కాదని వేరే చెప్పనక్కరలేదు. అన్నిటికంటే ముఖ్యం గెంతుల లెక్క. సెలవుల్లో నెల రోజులు ఊరిలో గడిపి వచ్చి, పోటీ దగ్గర పడిందని ఒక్కసారిగా రోజుకు రెండు పూటలా ప్రాక్టీసు చేయడమే నేను చూసే సగం కేసులకు మూలం. ప్రాక్టీసులో ఎన్ని స్పైక్‌లు కొట్టాడో ఒకరు లెక్కపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి, రెండు రోజులు వరుసగా గరిష్ఠ ఎత్తుకు ఎగరనివ్వకూడదు, సీజన్‌లో కూడా వారానికి రెండుసార్లు బరువుల వ్యాయామం ఆపకూడదు. అలాగని ఏ నొప్పీ లేని జట్టంతటికీ ముందుజాగ్రత్తగా ఒకే వ్యాయామం అంటగట్టడం మంచిది కాదు. 2008లో ప్రచురించిన డెన్మార్క్ ఫుట్‌బాల్ అధ్యయనంలో, అల్ట్రాసౌండ్‌లో అప్పటికే టెండన్ మార్పులు ఉండి నొప్పి లేనివారికి అలాంటి వ్యాయామం వల్ల గాయాలు పెరిగాయి. ఎవరి కాలికి ఎంతన్నది చూసి ఇవ్వాలి.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. జ్వరమో విరేచనాలో వస్తే మందుల దుకాణంలో అడిగి సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ వంటివి కొనుక్కుని వేసుకోవడం మనకు అలవాటు. ఈ జాతి యాంటీబయాటిక్‌లు టెండన్‌లను, ముఖ్యంగా మడమ వెనకదాన్ని, దెబ్బతీయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే తీవ్ర హెచ్చరిక ఇచ్చింది. టెండన్ జబ్బు ఉందని వైద్యుడికి చెప్పకుండా మీ అబ్బాయి వాటిని వాడకూడదు.

ఎగిరినప్పుడు ఫట్‌మని శబ్దం వచ్చి, ఆ వెంటనే పడుకుని కాలును నిటారుగా పైకి ఎత్తలేకపోయినా, చిప్ప పైకి జరిగినట్లు కనిపించినా అది టెండన్ తెగిన లక్షణం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మోకాలు వాచి వేడిగా ఉండి జ్వరం వచ్చినా ఆగకూడదు.

పోటీ విషయానికి వస్తే, ఐదు వారాలలో అతను మూడో దశ దాటడం కష్టం, కాబట్టి స్పైకర్‌గా వద్దు. అయితే జట్టుకు దూరంగా ఇంట్లో కూర్చోబెట్టాలని కూడా నేను అనను. వెనక వరుసలో ఉండి బంతిని కాచే లిబెరో అన్న స్థానం ఒకటి ఉంది. లిబెరోకు బ్లాక్ చేసే వీలు లేదు, నెట్ పైఎత్తులో ఉన్న బంతిని అవతలికి కొట్టే వీలు కూడా లేదు. ఎగరాల్సిన అవసరం చాలా తక్కువ. కిందికి వంగి బంతి తీయడానికి మోకాలు ఎంతవరకు ఓర్చుకుంటుందో మూడో వారంలో ఫిజియోథెరపిస్టు చూసి సరేనంటే, ఆ స్థానంలో కొద్దిసేపు ఆడించగలరేమో కోచ్‌ను అడగండి. వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం కూడా తీసుకువెళ్లండి.